టయోటా ప్రియస్‌లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవడం

అమెరికాలో పాత కారు కొనుక్కునే తెలుగువారి ఇళ్ల ముందు టయోటా ప్రియస్ తరచుగానే కనిపిస్తుంది. ఇంజన్ ఆయిల్‌ను వేళకు మార్పించేవారు కూడా దాని ట్రాన్స్‌మిషన్ ఆయిల్ జోలికి వెళ్లరు. అందులో వారి తప్పేమీ లేదు. మామూలుగా వాడే కారుకు ఆ ఆయిల్‌ను మార్చమని కంపెనీ సర్వీసు పట్టిక చెప్పదు, అప్పుడప్పుడు పరీక్షించమని మాత్రమే చెబుతుంది. అయితే పదేళ్లు నడిపి అమ్మేసిన మొదటి యజమానికి సరిపోయిన ఆయిల్, అదే కారును మరో పదేళ్లు నడపాలనుకునే రెండో యజమానికి సరిపోతుందని అనుకోవడం కష్టం. అరవై వేల మైళ్లకు, అంటే లక్ష కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా, ఒకసారి మార్చడం మంచిదని అనుభవమున్న మెకానిక్కులు చెప్పే మాటనే నేనూ పాటిస్తాను. ముఖ్యంగా మొదటి మార్పును వాయిదా వేయకూడదు, కొత్త గేర్లు ఒకదానితో ఒకటి ఒరుసుకుని సర్దుకునే దశలో రాలిన సన్నని లోహపు పొడి అంతా ఆ మొదటి ఆయిల్‌లోనే తిరుగుతూ ఉంటుంది కాబట్టి.

ఇక్కడ చెప్పే పద్ధతి 2010 నుంచి 2015 వరకు అమెరికాలో అమ్మిన మూడో తరం ప్రియస్‌ను ఉద్దేశించినది. 2004 నుంచి 2009 వరకు వచ్చిన రెండో తరం కారుకూ దాదాపు ఇదే వర్తిస్తుంది; తేడా ఉన్నచోట విడిగా చెబుతాను. హైబ్రిడ్ అన్న పేరున్న ప్రతి కారుకూ దీన్ని వర్తింపజేయకూడదు. ఉదాహరణకు హ్యుందాయ్ సొనాటా హైబ్రిడ్‌లో ఉన్నది ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్టె. దాని ఆయిల్ వేరు, మట్టం చూసే పద్ధతి వేరు. మన దేశంలో 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్, అర్బన్ క్రూయిజర్ హైరైడర్ వంటి టయోటా హైబ్రిడ్ల అమరిక ప్రియస్‌కు దగ్గర చుట్టమే గాని, వాటిలో పోయవలసిన ఆయిల్ పేరును, పరిమాణాన్ని ఆ కారు పుస్తకంలోనే చూసుకోవాలి. వారంటీ మిగిలి ఉన్న కారు అయితే సర్వీస్ సెంటర్‌కు అప్పగించడమే నయం.

ప్రియస్ ట్రాన్స్‌మిషన్ పెట్టెలో ఏముందో తెలుసుకుంటే పని మీద భయం తగ్గుతుంది. ప్రియస్‌లో గేర్లు మార్చే క్లచ్చులు లేవు, బెల్టు లేదు, మామూలు ఆటోమేటిక్ కార్లలో ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ కూడా లేదు. ఒకే పెట్టెలో రెండు విద్యుత్ మోటార్లు, వాటిని ఇంజన్‌తోనూ చక్రాలతోనూ కలిపే గ్రహ చక్రాల అమరిక, చివరన రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ ఉంటాయి. నడిమి గేరుకు చిన్న మోటారు, దాని చుట్టూ తిరిగే గేర్లను మోసే చట్రానికి ఇంజన్, వెలుపలి వలయానికి చక్రాల వైపు వెళ్లే శక్తి తగిలించి ఉంటాయి. చిన్న మోటారు వేగాన్ని కంప్యూటర్ మారుస్తూ ఉంటే గేరు నిష్పత్తి దానంతట అదే మారుతూ ఉంటుంది. క్లచ్చులు లేవు కనుక ఆయిల్‌లో వాటి మసి కలవదు, మార్చవలసిన ఫిల్టరూ ఉండదు. టార్క్ కన్వర్టర్ లేదు కనుక పాత ఆయిల్ దాక్కునే చోటు లేదు. అడుగు బోల్టు విప్పితే దాదాపు అంతా బయటికి వచ్చేస్తుంది. మామూలు ఆటోమేటిక్ కార్లకు అవసరమని చెప్పే, పాత ఆయిల్‌ను యంత్రంతో తోసి బయటికి పంపే ఫ్లష్ సేవను ఈ కారుకు ఎవరైనా అంటగట్టబోతే మర్యాదగా వద్దనవచ్చు.

అలాగని ఆయిల్‌కు పని తక్కువని కాదు. గేర్లను, బేరింగులను తడపడంతోపాటు మోటార్లలోని రాగి తీగల చుట్లను తాకుతూ వాటి వేడిని కూడా మోసుకుపోతుంది. కాబట్టి అది విద్యుత్తును అడ్డుకునే గుణం పోగొట్టుకోకూడదు, రాగి మీది పూతను తినెయ్యకూడదు. టయోటా ఈ రెండు తరాల ప్రియస్‌లకూ నిర్దేశించిన ఆయిల్ ఏటీఎఫ్ డబ్ల్యూఎస్. అన్ని కార్లకూ సరిపోతుందని డబ్బా మీద రాసుకున్న చవక ఆయిల్‌తో పది, పదిహేను డాలర్లు మిగిలించుకోవడం ఈ కారు విషయంలో తెలివైన పొదుపు కాదు. టయోటా ఈ పెట్టెను ఈ-సీవీటీ అంటుంది; పేరులో సీవీటీ ఉంది కదా అని సీవీటీ ఆయిల్ పోయడం అంతకంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ ఆయిల్ బెల్టుతో నడిచే పెట్టెల కోసం తయారైనది.

సిద్ధం చేసుకోవలసినవి

మూడో తరం కారుకు 3.4 లీటర్ల ఆయిల్ పడుతుంది, రెండో తరానికి 3.8 లీటర్లు. అమెరికాలో ఇది క్వార్ట్ సీసాల్లో, అంటే ఒక్కోటి 946 మిల్లీలీటర్ల లెక్కన దొరుకుతుంది. మూడో తరానికి నాలుగు సీసాలు తెస్తే కొంత మిగులుతుంది. రెండో తరానికి నాలుగు సీసాలు సరిగ్గా అంచుకు వస్తాయి. కింద ఒలికేది ఎప్పుడూ కొంత ఉంటుంది కనుక ఐదోది దగ్గర ఉంచుకోవడం మంచిది. పోసే బోల్టుకు ఒకటి, దింపే బోల్టుకు ఒకటి చొప్పున రెండు కొత్త వాషర్లు కావాలి. ఇవి బిగించినప్పుడు నలిగి సందు మూసే రకం. పాతవి తిరిగి వాడితే బొట్టు బొట్టుగా కారవచ్చు. డీలర్ విడిభాగాల కౌంటర్‌లో కారు గుర్తింపు సంఖ్య (వీఐఎన్) చెబితే సరైనవి ఇస్తారు.

బోల్టు తల వెలుపల ఆరు పలకలుగా ఉంటుందో, లోపల ఆరు మూలల గుంటగా ఉంటుందో మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, పానా కొనేముందు కారు కిందకు ఒకసారి తొంగి చూడటం మేలు. ఇవి కాక బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్, కనీసం ఐదు లీటర్లు పట్టే ట్రే, కొలత గీతలున్న పాత్ర, గరాటు, దాని కొసకు బిగుతుగా పట్టే ఐదారు అడుగుల పారదర్శకమైన గొట్టం, చేతి తొడుగులు, కళ్లద్దాలు, పాత గుడ్డలు ఉంటే చాలు. స్కానర్లూ ప్రత్యేక యంత్రాలూ అక్కర్లేదు.

కారును లేపడం

ఈ పని మొత్తంలో ప్రాణానికి సంబంధించిన భాగం ఇదొక్కటే కాబట్టి తొందరపడకూడదు. కారును పది, పదిహేను నిమిషాలు నడిపి తెస్తే ఆయిల్ గోరువెచ్చబడి సులభంగా జారుతుంది. చాలా దూరం నడిపి వచ్చి ఉంటే ఎగ్జాస్ట్ గొట్టం చల్లారేదాకా ఆగాలి. చదునైన కాంక్రీటు నేల మీద నిలిపి, పార్క్‌లో పెట్టి, కారును పూర్తిగా ఆపి, తాళం చెవిని ఇంట్లోకి పంపించెయ్యాలి. ప్రియస్ రెడీ స్థితిలో, అంటే నడవడానికి సిద్ధంగా ఉన్నప్పుడు చప్పుడు చెయ్యదు, ఇంజన్ ఎప్పుడు లేస్తుందో కంప్యూటరే నిర్ణయిస్తుంది. ఆపేశామనుకున్న కారు కింద పడుకుని ఉండగా ఇంజన్ తిరగడం మొదలుపెట్టే అవకాశం ఎంతమాత్రం మిగల్చకూడదు.

పార్క్‌లో పెట్టాం కదా అని ధీమా పడకూడదు. ప్రియస్‌లో పార్క్ పట్టు ముందు చక్రాలకే ఉంటుంది. ముందు భాగాన్ని జాకీ మీద లేపిన మరుక్షణం ఆ పట్టు గాల్లో ఉన్నట్టే. వెనక చక్రాలను ఆపేది పార్కింగ్ బ్రేక్ ఒక్కటే, కనుక దాన్ని గట్టిగా తొక్కి, వెనక టైర్లకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టిన తరువాతే జాకీకి చెయ్యి వెయ్యాలి. కారుతోపాటు వచ్చే చిన్న జాకీ టైరు మార్చడానికే. కారును మోసే భారం ఎప్పుడూ స్టాండ్ల మీదే ఉండాలి, అవి యజమాని పుస్తకంలో చూపిన చోట్లలోనే ఉండాలి.

నాలుగు మూలలా స్టాండ్లు పెట్టి కారును మట్టంగా నిలపాలి. చాలామంది ముందు చక్రాలను ర్యాంపుల మీదకు ఎక్కించి పని కానిచ్చేస్తారు. ఆయిల్ దింపడానికి అది సరిపోతుంది గాని నింపడానికి సరిపోదు. ఆయిల్ పోసే రంధ్రం పెట్టె ముందు ముఖాన, రేడియేటర్ వైపు ఉంటుంది. ముక్కు పైకెత్తి ఉన్న కారులో ఆయిల్ వెనక్కు పేరుకుంటుంది, దాంతో రంధ్రం దాకా రావాలంటే అవసరమైన దానికంటే ఎక్కువ పట్టి, పెట్టె పొంగేలా నిండుతుంది. అలా ఎక్కువైన ఆయిల్‌ను గేర్లు చిలికి నురగ చేస్తాయి, సీళ్ల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి ముందు ర్యాంపులు వాడినా వెనక భాగాన్ని స్టాండ్ల మీద అదే ఎత్తుకు తేవాలి. కారు తలుపు కింది గడప పట్టీ మీద తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి చూస్తే సందేహం తీరుతుంది. స్టాండ్ల మీద నిలిపాక, కిందకు దూరేముందు, కారును ప్రక్కనుంచి గట్టిగా ఒకసారి తోసి చూడాలి; కదలవలసి ఉంటే మనిషి బయట ఉన్నప్పుడే కదలాలి.

ఏ బోల్టు ఏదో గుర్తుపట్టడం

ఆయిల్ మార్చడానికి పట్టే సమయం కంటే బోల్టులను గుర్తుపట్టడానికి ఎక్కువ సమయం కేటాయించమని నా సలహా. ఈ పనిలో జరిగే పెద్ద నష్టాలన్నీ తప్పు బోల్టు విప్పడం వల్ల జరిగేవే. కింద ఉన్న ప్లాస్టిక్ తొడుగు క్లిప్పులను, స్క్రూలను విప్పి పక్కన పెడితే ఇంజన్, ట్రాన్స్‌మిషన్ పక్కపక్కనే కనిపిస్తాయి. కారులో కూర్చున్నవారి కుడిచేతి వైపు ఉన్నది ఇంజన్, ఎడమచేతి వైపు ఉన్నది ట్రాన్స్‌మిషన్. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ విద్యుత్తును మోటార్లకు తగినట్టు మార్చే వెండి రంగు ఇన్వర్టర్ పెట్టె దేనికి పైన ఉందో దాని కిందదే మనకు కావలసినది.

మొదటి ప్రమాదం ఇంజన్ ఆయిల్ బోల్టుతో. హడావిడిగా ఆయిల్ మార్చే షెడ్లలో కొత్తగా చేరిన కుర్రవాడు ఇంజన్ ఆయిల్ అనుకుని ట్రాన్స్‌మిషన్ ఆయిల్ దింపేసి, ఆ తరువాత నిండుగా ఉన్న ఇంజన్‌లోనే మరో నాలుగు లీటర్లు పోసి పంపిన ఉదంతాలు ప్రియస్ యజమానుల మధ్య తరచుగా వినిపిస్తాయి. ఇంజన్ ఆయిల్ మార్పించుకుని వచ్చిన వెంటనే ఈ కారు కొత్తరకంగా రొద చేస్తే మొదట అనుమానించవలసినది దీన్నే. రెండో ప్రమాదం అంత సులభంగా తట్టదు. ట్రాన్స్‌మిషన్ పెట్టెను చల్లబరచడానికి ఇన్వర్టర్ కూలంట్ దాని గోడల్లోంచి ప్రవహిస్తుంది, ఆ కూలంట్ దింపే బోల్టు కూడా అదే పెట్టె మీద ఉంటుంది. దాన్ని విప్పితే గులాబీ రంగు నీరు కారుతుంది. మన ఆయిల్ చిక్కగా, వేలికి జిగురుగా తగులుతుంది. కూలంట్ నీళ్లలా పల్చగా, తియ్యని వాసనతో ఉంటుంది. అటువంటిది కనిపించిన క్షణంలోనే బోల్టును తిరిగి బిగించాలి, పని ముగిశాక ఇన్వర్టర్ కూలంట్ డబ్బాలో మట్టం చూసి అదే రకం కూలంట్‌తో సరిచెయ్యాలి.

ఇన్వర్టర్ నుంచి ట్రాన్స్‌మిషన్‌లోకి దిగే నారింజ రంగు తీగలను తాకనవసరం లేదు, కదిలించనవసరం అసలే లేదు. మూడో తరం ప్రియస్ బ్యాటరీ 201.6 వోల్టులది, దాన్ని ఇన్వర్టర్ 650 వోల్టుల వరకు పెంచుతుంది. రెండో తరంలో అది 500 వోల్టులు. ఆయిల్ మార్చే పనిలో ఆ తీగలతో మనకు ఏ సంబంధమూ లేదు కాబట్టి, వాటి మీద పానా ఆనించకుండా జాగ్రత్త పడితే చాలు.

దింపడం

ముందుగా విప్పవలసినది పైన ఉన్న, ఆయిల్ పోసే బోల్టు. ఎన్నేళ్లుగానో కదలని ఆ బోల్టు ఊడనంటే, కింది బోల్టును ముట్టుకోకుండా కారును దించి, నిశ్చింతగా నడుపుకుంటూ మెకానిక్ దగ్గరకు వెళ్లవచ్చు. వరుస తారుమారు చేసి కిందిది ముందు విప్పితే, పెట్టె ఖాళీగా ఉండి, నింపే దారి మూసుకుపోయి, కారు కదలలేని స్థితిలో స్టాండ్ల మీద మిగిలిపోతుంది.

పై బోల్టు ఊడి వచ్చాక రంధ్రంలోకి చిటికెనవేలు పోనిచ్చి, ఆయిల్ కింది అంచుకు ఎంత దిగువన ఉందో గమనించాలి. సాధారణంగా అంచు దాకా గాని, ఒక సెంటీమీటరు లోపు దిగువన గాని ఉండాలి. అంతకంటే చాలా కిందికి ఉంటే ఎక్కడో కారుతోందని అర్థం; చక్రాలకు వెళ్లే ఇరుసులు పెట్టెలోకి దూరే చోట సీళ్ల చుట్టూ తడి ఉందేమో అప్పుడే చూసుకోవాలి.

ఆ తరువాత ట్రేను సర్ది కింది బోల్టును వదులు చెయ్యాలి. చివరి మరల్లో బోల్టును లోపలికి నొక్కిపట్టుకుని తిప్పుతూ, పూర్తిగా వదులయ్యాక ఒక్కసారిగా పక్కకు లాగితే చెయ్యి ఎక్కువ తడవదు. ధార మొదట అనుకున్న దానికంటే దూరం చిమ్ముతుంది, తగ్గేకొద్దీ బోల్టు కిందకు దగ్గరవుతుంది. ట్రేను దానితోపాటు జరుపుతూ ఉండాలి. పది, పదిహేను నిమిషాలు వదిలేస్తే ధార బొట్లుగా మారుతుంది.

కొత్త ఏటీఎఫ్ డబ్ల్యూఎస్ ఎర్రగా ఉంటుంది. లక్ష మైళ్లు తిరిగిన ఆయిల్ ట్రేలో చూస్తే నల్లగానే కనిపిస్తుంది. దాన్ని చూసి బెంబేలెత్తనవసరం లేదు. ఒక తెల్ల కాగితపు రుమాలు మీద రెండు బొట్లు వేసి కాసేపు ఆగితే, అంచులకు పాకిన తడిలో పాత ఎరుపు ఛాయ ఇంకా కనిపిస్తుంది, మధ్యలో బూడిద రంగు మచ్చ నిలుస్తుంది. ఆ మచ్చను వేళ్ల మధ్య రుద్దినప్పుడు మెత్తటి పేస్టులా ఉంటే అది సహజమైన అరుగుదల. గరుకుగా తగిలే రజను, మెరిసే రేకులు, మాడిన వాసన ఉంటే గేర్లు, బేరింగులు, మోటార్లలో ఏదో చెడుతోందన్నమాట. పాలు కలిసినట్టు తెల్లబారి ఉంటే నీరో కూలంటో లోపలికి చేరింది. ఈ రెండు సందర్భాల్లోనూ కొత్త ఆయిల్ పోయడంతో సమస్య తీరదు, నమూనాను సీసాలో పట్టి ఉంచి హైబ్రిడ్లు తెలిసిన మెకానిక్‌కు చూపించాలి.

దిగిన ఆయిల్‌ను కొలత పాత్రలో పోసి పరిమాణం రాసిపెట్టుకోవాలి. ఎంత పోయాలన్నదానికి ఇది రెండో సాక్ష్యం.

నింపడం

కింది బోల్టు కూర్చునే చోటును శుభ్రంగా తుడిచి, పాత వాషర్ పెట్టెకు అంటుకుని ఉండిపోలేదని చూసుకుని, కొత్త వాషర్‌తో ముందు వేళ్లతోనే బిగించాలి. వేళ్లతో నాలుగైదు చుట్లు సాఫీగా తిరగని బోల్టు వంకరగా ఎక్కుతోందని గ్రహించి వెనక్కు విప్పాలి. పెట్టె అల్యూమినియంది, మర పోతే బాగుచేయించడానికయ్యే ఖర్చు ఇంట్లో చేసుకుని మిగుల్చుకున్న దాన్ని మింగేస్తుంది. ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే చెయ్యాలి. రెండో తరానికి ఆ అంకె 39 న్యూటన్ మీటర్లు. మిగిలిన మోడళ్లకు ఆయా మరమ్మతు పుస్తకంలో ఉన్న అంకెను తీసుకోవాలి. బలమున్న కొద్దీ బిగించడం మనలో చాలామందికి అలవాటు, ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు.

నింపడానికి సులువైన మార్గం పైనుంచే. గరాటుకు తగిలించిన గొట్టాన్ని బానెట్ కింద ఇంజన్ గదిలోంచి నారింజ తీగలకు దూరంగా కిందికి వదిలి, కొసను పోసే రంధ్రంలోకి రెండంగుళాలు పోనివ్వాలి. సహాయానికి మరొకరుంటే పైన పోసేది ఒకరు, కింద చూసేది ఒకరు కావచ్చు. గొట్టం సన్నం కనుక ఆయిల్ మెల్లగా దిగుతుంది. చలికాలమైతే సీసాలను ముందుగా గోరువెచ్చని నీళ్లలో ఉంచితే విసుగు తగ్గుతుంది. మూడు సీసాలు వెళ్లాక వేగం తగ్గించి, నాలుగోదాన్ని కొంచెం కొంచెంగా వంచాలి.

నిండుతున్న దశలో రంధ్రపు కింది అంచున మొదట సన్నని ఎర్ర గీత మెరుస్తుంది, తరువాత అది తెగని దారంలా బయటికి జారుతుంది. అక్కడ పోయడం ఆపి, గొట్టం తీసేసి, ఆ దారం సన్నబడి బొట్లుగా మారేదాకా ఆగాలి. కారు మట్టంగా ఉన్నట్టయితే సరైన పరిమాణం అదే. కొలకర్ర లేని ఈ పెట్టెకు ఆ రంధ్రపు అంచే కొలత. పోసినదానిలోంచి ఒలికినది తీసేసి, దింపినప్పుడు రాసుకున్న అంకెతో పోల్చాలి. అర లీటరు తేడా వస్తే కారు ఏటవాలుగా ఉందో, పాత ఆయిల్ ముందే తక్కువగా ఉందో తేల్చుకున్నాకే పై బోల్టును కొత్త వాషర్‌తో బిగించాలి.

ప్లాస్టిక్ తొడుగును వెంటనే తగిలించకూడదు. కారును దించి, రెడీలో పెట్టి, వీధిలో నెమ్మదిగా కొంతదూరం తిప్పి వచ్చి, రెండు బోల్టుల చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడాలి. ఒలికిన ఆయిల్ పెట్టె పక్కలకు అంటుకుని కొత్తగా కారుతున్నట్టు భ్రమ కలిగిస్తుంది కాబట్టి, ముందే అంతా తుడిచి ఉంచితే తేడా తెలుస్తుంది. మర్నాడు ఉదయం కారు కింద పరిచిన అట్టముక్క పొడిగా ఉంటే తొడుగును బిగించవచ్చు. మామూలు ఆటోమేటిక్‌లలోలాగా గేర్ల మార్పిడిని కంప్యూటర్‌కు తిరిగి నేర్పించే తతంగం దీనికి లేదు. నడకలో పెద్ద మార్పు కూడా ఆశించకూడదు. కొందరికి మైలేజీ పెరిగినట్టు అనిపిస్తుంది గాని, దాని కోసం ఈ పని చెయ్యమని నేను ఎవరికీ చెప్పను.

తేదీని, ఓడోమీటర్ అంకెను, వాడిన ఆయిల్ పేరును రాసి, రసీదుతో కలిపి దాచుకోవాలి. సొంతంగా సర్వీసు చేసుకున్నంత మాత్రాన కంపెనీ వారంటీని నిరాకరించడానికి అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ఒప్పుకోదు. అయితే పని జరిగిందని చూపించడానికి ఆ కాగితాలే ఆధారం. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు లీజు కాగితం కూడా ఒకసారి తిరగెయ్యాలి, పార్కింగ్‌లో మరమ్మతులు చేసుకోవడాన్ని చాలాచోట్ల నిషేధిస్తారు.

పాత ఆయిల్‌ను మురుగు కాలువలోగాని చెత్తబుట్టలోగాని పోయకూడదు. ఖాళీ అయిన సీసాల్లోకే దాన్ని తిరిగి నింపి మూతలు బిగించి తీసుకెళ్తే, ఆటోజోన్, ఓరైలీ వంటి విడిభాగాల దుకాణాలు చాలా ఊళ్లలో డబ్బు అడగకుండా పుచ్చుకుంటాయి. పొరపాటున కూలంట్ కలిసిన ఆయిల్‌ను మాత్రం వారు తీసుకోరు. దాన్ని వేరే డబ్బాలో ఉంచి, లోపల ఏమేమి కలిసిందో మూత మీద రాసి, కౌంటీ నడిపే ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి అప్పగించాలి.